గాలి పోయే చోటు

వెంకటరామారావుకి చెవులు రెండూ భేషుగ్గా పనిచేస్తాయి. కాకపోతే ఒకటి లారీకి రాసిచ్చేశాడు, రెండోది తన మాట తను వినడానికి అట్టేపెట్టుకున్నాడు. భార్య కోసం మూడోది మొలవాలి. పెళ్లయి ఇరవై ఆరేళ్లేగా అయింది, తొందరేముందని నిర్మలాదేవి ఓపిక పట్టింది. ఆ లారీ చెవి మాత్రం మహా ఘనమైనది. మంచం మీద పడుకునే, రోడ్డున పోయే బండి ఎవరిదో, ఎంత లోడుందో, వెనక చక్రంలో గాలి తక్కువైందో లేదో చెప్పేస్తాడు. పక్కన పడుకున్న మనిషి వారం రోజులుగా దగ్గుతోందన్న సంగతి మాత్రం ఆ మనిషే చెప్పుకోవాలి. అంతటి చెవికి, సొంత బండిలోంచి మూడు నెలలుగా వస్తున్న బుస వినపడలేదంటే నమ్మాలి. నమ్మింది. వినపడకపోవడం వేరు, వినకపోవడం వేరు అని తెలిసినా నమ్మింది. కాపురమన్నాక కొన్ని నమ్మకాలు ఉప్పు జాడీలాగా, మూత తీసి చూడకుండా అటక మీద ఉంచుకోవలసినవి ఉంటాయి.

ఇప్పుడా లారీలోనే, డ్రైవరు సీట్లో, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కుడికాలు ఎక్స్‌లేటర్ మీద పెట్టి కూర్చుని ఉంది. బండి కొని పదకొండేళ్లు. కొన్న రోజు గుమ్మడికాయ కొట్టిందీ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందీ ఆమె చేతులే గానీ, ఈ సీటు ఎక్కమని ఎవరూ అనలేదు. ఈ మధ్యాహ్నం వేరే కాలు దొరక్క ఎక్కించారు. కాలు అన్న మాట దగ్గర మనసు తడబడి పక్కకి తప్పుకుంది. పెరటి దొడ్లో ఎండ చిటచిటలాడుతోంది. వైశాఖం. చండ్రుగొండ అవతల అడవిలోంచి వచ్చే గాలిలో ఎండిన టేకాకు వాసన, కాలిన గడ్డి వాసన. ముందు బానెట్ ఎత్తి ఉంది, అద్దం నిండా ఎర్ర రేకే తప్ప ఏమీ కనపడదు. ఆ రేకు వెనక భర్త ఉన్నాడు, దమ్మపేట నుంచి బస్సెక్కి వచ్చిన మెకానిక్ పిచ్చయ్య ఉన్నాడు. పిచ్చయ్యకి అరవై దాటాయి, పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, మొన ఇంజన్‌కి తాకించి, డాక్టరు గుండె విన్నట్టు వింటాడు. ఎక్కించేముందు ఆమెకి పాఠం చెప్పాడు: "అమ్మా, రేజ్ అంటే తొక్కు, చాలంటే వదులు. రోట్ల పచ్చడి దంచినట్టు గాదు. పాలల్ల తోడేసినట్టు, మెల్లగ." ఇరవై ఆరేళ్లలో ఆమెకి అర్థమయ్యే భాషలో లారీ గురించి మాట్లాడిన మొదటి మగవాడు పిచ్చయ్య.

"రేజ్" అని వినపడింది. తొక్కింది. ఇంజన్ గొంతు పెరిగింది, క్యాబిన్ ఒణికింది, గాజులు స్టీరింగ్ మీద టకటకమన్నాయి, అద్దం కింద అతికించిన అమ్మవారి పటం మీంచి ఎండిన బంతి రేకొకటి రాలి ఒళ్లో పడింది. "చాలు." వదిలింది. ఆమెకి ఈ పని నచ్చింది, అదీ విచిత్రం. ఇది మోగుతున్నంతసేపూ ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. వంటింట్లో మిక్సీ కూడా ఇంత ఉపకారం చేయదు, రెండు నిమిషాలకే వేడెక్కి ఆగుతుంది, ఆగగానే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. ఇది గంట నుంచీ మోగుతోంది. ఇలా సాయంత్రం దాకా, రేపు పది గంటల దాకా, హెడ్ కానిస్టేబులు వచ్చి వెళ్లిపోయేదాకా మోగితే బావుండును. రేపు పదింటికి ఆయన కాగితం పట్టుకుని వస్తాడు. డ్రైవరు గోప్యా తాగి బండి నడిపినందువల్ల ప్రమాదం జరిగిందని అందులో రాసి ఉంటుంది. దాని కింద భర్త సంతకం ఇప్పటికే ఉంది. ఆమెది కావాలి. ఏముంది, చదివి పెట్టడమేగా అన్నాడు భర్త నిన్న, గోంగూర కలుపుకుంటూ. బీయస్సీ చదివినదానివి, వేలిముద్ర వేసేదానివి కావుగా అని కూడా అన్నాడు. ఆమె చదువు ఆయనకి ఇన్నేళ్లకి గుర్తొచ్చింది.

కుడివైపు అద్దంలో కమ్లి కనపడుతోంది. సిమెంటు తొట్టి పక్కన జానెడు నీడలో గొంతుక్కూర్చుంది. గోప్యా భార్య. తునికాకు కోతల రోజులు, అరచేతులు ఆకుపసరుకి నల్లబడి ఉన్నాయి. కోత మానుకుని తండా నుంచి నడిచి వచ్చింది. గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మంటే రాకుండా, బండిలో మొగుడి సామాను ఉంది ఇస్తే పట్టుకుపోతానంది. తువ్వాలు, లైసెన్సు, చెప్పులు. అప్పటికే పిచ్చయ్య పని మొదలెట్టాడు, కాసేపాగు అన్నాడు భర్త, ఆమె ఆగింది. ఆగడం వాళ్లకి అలవాటు, ఆపడం మనకి. అద్దంలో మనిషి చిన్నగా కనపడుతుంది, ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టుంటుంది. అది అద్దం గుణం, ఉబ్బెత్తు అద్దాలన్నింటి గుణమూ అంతే, రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో కొవ్వొత్తి పెట్టి చూశారు. దూరంగా ఉన్నట్టు కనపడినంత మాత్రాన దూరంగా ఉన్నట్టు కాదు. సీటు కింద ఎడమకాలికి ఏదో తగిలింది. వంగకుండానే తెలిసింది. చెప్పులు. పాదంతో మెల్లగా పక్కకి జరిపింది. రెండు.

సీటు కుడివైపుకి కొంచెం గుంటపడి ఉంది. తొమ్మిదేళ్లు ఒకే మనిషి కూర్చుంటే అలాగే అవుతుంది. అందులో తను ఇమడడం లేదు, జారుతోంది, సర్దుకుని కూర్చుంటోంది, మళ్లీ జారుతోంది. గోప్యా సన్నటివాడు, కిటికీ వైపు ఒరిగి నడిపేవాడు, జామాయిల్ కర్ర లోడు ఎత్తుకుని కాగితం మిల్లుకి పోయేటప్పుడు గేటు దగ్గర హారన్ రెండుసార్లు కొట్టేవాడు, పోయొస్తానమ్మా అన్నట్టు. ఫిబ్రవరిలోనే అన్నాడు, బండి గుంజుతలేదు సారూ అని. ఖాళీగా ఉంటే పరిగెడుతోంది, లోడు పడితే ఎత్తెక్కడానికి ఏడుస్తోంది, నల్లటి పొగ కక్కుతోంది, లోపలెక్కడో బుస్సుమంటోంది పాములాగా అని. మార్చిలో చెప్పాడు. ఉగాది పచ్చడి తాగుతూ వంటింటి గుమ్మం దగ్గర ఆమెకి కూడా చెప్పాడు. భర్త వైద్యం మొదలెట్టాడు. డీజిల్ ఫిల్టరు మార్చాడు. గాలి ఫిల్టరు మార్చాడు. పంపు ఊడదీసి ఖమ్మం పంపిస్తే వాళ్లు మూడు రోజులు ఉంచుకుని దీనికేం రోగం లేదని తిప్పి పంపారు. ఇక మిగిలింది నువ్వేరా అన్నాడు గోప్యాతో. గేరు ఎప్పుడు మార్చాలో తెలీదు, ఎత్తు ముందు ఊపు తెచ్చుకోవడం తెలీదు, సోమరితనం. మార్చదగ్గవన్నీ మార్చారు, ప్రమాదమయ్యాక ఆఖరికి డ్రైవరునీ మార్చారు. బండి బాగు చేయించాక పినపాక నుంచి మోతీ అనే కొత్త డ్రైవరు వచ్చాడు. మొన్న సోమవారం అదే అడవిలో, అదే ఎత్తు దగ్గర, సగం ఎక్కి ఆగిపోయి, తెలివైనవాడు, రాళ్లు పెట్టి లోడు దింపించి, ఖాళీ బండి వెనక్కి తెచ్చి తాళంచెవి అరుగు మీద పెట్టాడు. దీంట్ల దమ్ము లేదు సార్ అని ఒక్క మాటన్నాడు. బత్తా కూడా అడగలేదు. ఆ రోజు భర్త అన్నం సగంలో లేచాడు.

"రేజ్... ఇంకొంచెం... ఆఁ, గట్లనే ఉంచు." ఉంచింది. కాలు కింద ఇనుము వేడిగా ఉంది, చెప్పులోంచి కూడా తెలుస్తోంది. ఈ ఇనుమునే ఇలా తొక్కేవాడు గోప్యా కూడా. ఎంత తొక్కినా. ఆ రోజు పొద్దున పది గంటలకి, ఎత్తు మీద, నిండు లోడు, ఎంత తొక్కినా. కిందికి గేరు వేద్దామని చూస్తే పడలేదట, బండి వెనక్కి జారిందట, బ్రేకు పట్టినా ఆగలేదట, కల్వర్టు గోడకి వెనకభాగం గుద్దుకుని పక్కకి ఒరిగితే తలుపుకీ నేలకీ మధ్య ఎడమకాలు. ఎడమకాలు క్లచ్చు మీద ఉండాలి కదా, తలుపు కుడివైపు కదా అని ఆమె చాలా రోజులు ఆలోచించింది. దూకబోయాడట. దూకబోయి మళ్లీ ఆగాడట, వెనక సైకిలు మీద ఎవరో వస్తున్నారని, అరవడానికి. సైకిలు మనిషికి ఏమీ కాలేదు. భద్రాచలం దవాఖానాలో మోకాలి కింద తీసేశారు. ఇరవై మూడు రోజులైంది, ఇంకా అక్కడే ఉన్నాడు. కాలు లేనివాడికి లైసెన్సు ఎందుకు, పోలీసులు అడిగినట్టు రాసిచ్చేస్తే మనకి తలనొప్పి వదులుతుంది, వాడికి కొత్తగా పోయేదేముంది అన్నాడు భర్త. పేరొక్కటే మిగిలింది కదండీ వాడికి, అని ఆమె అనలేదు, అనుకుంది. అనుకోవడంలో ఆమెకి యూనివర్సిటీ ఫస్టు రావాలి.

బుస ఎక్కడిదో ఆమెకి తెలుసు. అదే అసలు సంగతి. ఉగాది రోజు గోప్యా గుమ్మం దగ్గర చెప్పగానే తెలిసింది. టర్బో అనే చిన్న గాలిమర గాలిని కూరి కూరి ఇంజన్‌లోకి పంపుతుంది, ఆ గాలి వెళ్లే గొట్టం ఇంజన్‌కి అతికే చోట పలచటి అట్ట ఉంటుంది, దాన్ని వీళ్లు ప్యాకింగ్ అంటారు; అది చీలిందంటే లోడు మీద ఉన్నప్పుడు కూరిన గాలంతా బయటికి పోతుంది, గాలి చాలక డీజిల్ సగమే కాలుతుంది, మిగతాది పొగ. తడి కట్టెల పొయ్యికి చెప్పినట్టు చెప్పొచ్చు, ఎవరికైనా. ఒత్తిడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికే పోతుంది ఏదైనా. నేరం కూడా. ఆ ప్యాకింగ్ ఎవరు వేశారో కూడా తెలుసు. జనవరి చివర్లో పాతది విరిగింది, కొత్తది ఖమ్మంలో రెండు రోజులకి గానీ రాదన్నారు, ఆగడం మహానుభావుడి జాతకంలో లేదు. మందపాటి అట్ట కావాలంటూ ఇల్లంతా గాలించి, బీరువా పైనుంచి ఆమె ఫిజిక్స్ రికార్డు దించాడు. పాతికేళ్లు దాచుకుంది దాన్ని. ప్రతి పేజీలో లెక్చరర్ ఎర్ర సిరా సంతకం, వెర్నియర్ కాలిపర్సు నుంచి ప్రిజం దాకా. పేజీలు జాగ్రత్తగా ఆమె చేతికిచ్చి, అట్ట తీసుకున్నాడు, పాపం, మర్యాదస్తుడు. గొట్టం అంచు మీద ఆ అట్ట పరిచి, సుత్తి గుండ్రటి తలతో టకటకమని చుట్టూ కొట్టుకుంటూ పోతే అంచు ఆకారం తనంతట తనే తెగి వచ్చింది, బోల్టు కన్నాలు కూడా చక్కగా పడ్డాయి, గ్రీజు రాసి బిగించాడు. పిచ్చయ్య లాంటివాళ్లు కూడా రోడ్డు మీద అలాగే చేస్తారు, కానీ ఇంటికి చేరడానికి చేస్తారు. ఈయన సంసారం చేయడానికి చేశాడు. కంపెనీది కూడా ఇంత బాగా కూర్చోదని పది మందికి చెప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆమెకి కూడా ఆ వారమంతా ఒక మురిపెం. తన చదువు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది, రోజూ అడవి దాటి గోదారి దాటి వెళ్లొస్తోంది అనుకుంది.

చెప్పింది కూడా. చెప్పలేదని కాదు. ఉగాది సాయంత్రమే చెప్పింది, ఆ గాలి గొట్టం దగ్గర లీకవుతోందేమో చూడండి, మీరు కోసిన అట్ట నూనెకి నానిపోయి ఉంటుంది అని. పోపు మాడుతోంది, అది చూసుకో అన్నాడు. పోపు మాడలేదు. రెండు రోజులు పప్పులో ఉప్పు వేయలేదామె. ఆయన తిన్నాడు, కిక్కురుమనలేదు, మూడో రోజు తనే పక్కన ఉప్పు గిన్నె పెట్టుకున్నాడు. ఎంత నవ్వుకుందో. గెలిచానని లోలోపల ఎంత సంబరపడిందో. ఇప్పుడు ఈ సీట్లో, ఈ గుంటలో జారుతూ కూర్చుంటే అనిపిస్తోంది, ఆ ఉప్పుకి బదులు ఇంకొక్క మాట వేసి ఉంటే. ఇంకొక్కసారి, గట్టిగా, పదిమందిలో. పోనీ గోప్యాకే చెప్పి ఉంటే, లోడు ఎక్కించవద్దురా అని. మాట పడాల్సిన చోట ఉప్పు మానేసి ఊరుకుంది. ఆడవాళ్ల తిరుగుబాట్లన్నీ వంటింట్లోనే మొదలై భోజనాల దగ్గర ముగుస్తాయి, బయట రోడ్డు మీద మనిషి కాలు పోతుంది.

అది కూడా కాదు. అది ఒప్పుకోవడం తేలిక. భర్త మీద సగం వేసి, మిగతా సగం పప్పులో వేసేసి చేతులు దులుపుకోవచ్చు. క్యాబిన్‌లో వాసన. ఎక్కినప్పుడే తగిలింది, ఇంజన్ వేడికి ఇప్పుడు ఇంకా పైకి లేస్తోంది, తియ్యగా, మగ్గినట్టుగా, కొంచెం మత్తుగా. సీటు వెనక గోనెసంచిలో అడుగున మిగిలిన ఇప్పపూలు. చైత్రంలో తెల్లారకముందే అడవిలో రాలిన పూలు ఏరుకొచ్చి ఎండబెడతారు తండాల్లో, కోయగూడేల్లో. ఆ పొద్దున కమ్లి ఏరిన సంచి ఒకటి సంతలో దింపుతానని గోప్యా బండిలో వేసుకున్నాడు. టీ గ్లాసు అందుకుంటూ, పూలు మస్తుగ రాలినయమ్మా ఈ ఏడు అన్నాడు. అతని చొక్కాకి పూల వాసన. ఆమెకి తెలుసు పువ్వు వాసనకీ సారా వాసనకీ తేడా. ఈ అడవి అంచున ఇరవై ఆరేళ్లు కాపురం చేసి పువ్వేదో సారా ఏదో తెలియకపోతే ఆ ముక్కు కూడా పోపు మాడ్చేదే. దవాఖానా వరండాలో హెడ్ కానిస్టేబులు అడిగాడు, మనిషికి అలవాటుందా అని. భర్త అన్నాడు, పొద్దున్నే ఇప్పసారా కొట్టి ఉంటాడండీ, వీళ్ల సంగతి తెలియనిదేముంది. అని ఆమె వైపు తిరిగాడు. ఏమే, టీ ఇచ్చింది నువ్వేగా, వాసన రాలేదూ? లోపల కాలు తీస్తున్నారు. స్పిరిట్ వాసన, ఫినాయిల్ వాసన. భర్త చేతులు ఒణుకుతున్నాయి. ఆ చేతులు ఒణకడం ఆమె ఎన్నడూ చూడలేదు, ఆ అట్ట కోసిన చేతులు. ఆయనకి తెలుసన్న సంగతి ఆ క్షణంలో ఆమెకి తెలిసింది. జాలేసింది. జాలో, భయమో, అలవాటో. అవునండీ, వాసన వచ్చింది అంది. అబద్ధం కూడా కాదు చూడు, ఎంత తెలివి. వాసన వచ్చిన మాట నిజమే. ఏ వాసనో అడగలేదు కదా. హెడ్ కానిస్టేబులు రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం మీద కేసు నిలబడింది, పందిరికి గుంజ పాతినట్టు.

ఇందాక గేటు దగ్గర కమ్లి ఇంకో మాట కూడా అంది. గంట నుంచీ ఇంజన్ చప్పుడు దాని మీద పోస్తోంది, పోస్తోంది, అది మునగడం లేదు. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బావుండేది, తిట్టుకి బదులు తిట్టు ఉంటుంది. నేల చూస్తూ చెప్పింది. "జరంల పడి నన్నే అడుగుతుండమ్మా, కమ్లీ, నేను ఆ దినం తాగిన్నా అని. తాగలే అంటున్న నేను. అమ్మగారు గూడ చెప్పిందంట గద, అమ్మ అబద్ధం ఆడది, నేనే మర్చిపోయిన్నేమో అంటుండు." అప్పుడు ఏమంది తను? మజ్జిగ తాగుతావా అంది. మజ్జిగ తెచ్చింది కూడా, కరివేపాకు వేసి. కమ్లి తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. తాగని మనిషి తాగానేమోనని మంచం మీద పడి వెతుక్కుంటున్నాడు, తన పొద్దుటి పూట తనకే దొరకడం లేదు. లారీ పోయినా కాలు పోయినా మనిషికి నేనిది చేశాను, ఇది చేయలేదు అన్న ఎరుక ఒకటి ఉంటుంది కదా. దాన్ని తీసేసింది ఏ డాక్టరూ కాదు. వరండాలో నిలబడి, చీర కొంగు సర్దుకుంటూ, ఒక వాక్యంతో.

ముందు ఏదో మాటలు. కాలు వదిలింది, చప్పుడు కొంచెం తగ్గింది. పిచ్చయ్యకి స్క్రూడ్రైవరుతో అంతు చిక్కలేదు, టర్బో గొట్టాల క్లిప్పులన్నీ గట్టిగానే ఉన్నాయంటున్నాడు, సబ్బు నీళ్లు కావాలంటున్నాడు. పంక్చరు షాపులో ట్యూబుకి చూసినట్టే ఇదీ అంటున్నాడు. భర్త ఇటూ అటూ చూసి, ఇంట్లోకి వెళ్లి బట్టల సబ్బు ముక్క పట్టుకొచ్చాడు, నిర్మల కడిగి బోర్లించిన గిన్నెల్లో మంచిది ఒకటి ఏరి మరీ తెచ్చాడు. పిచ్చయ్య తొట్టి వైపు చూసి, అమ్మా జర ఈ సబ్బు కలిపి నురుగు తియ్యి అన్నాడు కమ్లితో, ఎవరని అడగలేదు, ఖాళీగా కనపడిన చేతులు కదా. అద్దంలో కమ్లి గిన్నె అందుకోవడం కనపడింది. తొట్టిలో నీళ్లు ముంచి, నల్లటి అరచేతులతో సబ్బు పిసుకుతోంది, గిరగిరా తిప్పుతోంది, నురగ గిన్నె అంచు దాకా లేచింది. దేనికో అడగలేదు. చెప్పిన పని శ్రద్ధగా చేస్తోంది. ఆపండి, ఆమె చేత చేయించకండి అని అరవాలనిపించింది నిర్మలకి. గిన్నె పట్టుకుని కమ్లి అద్దంలోంచి తప్పుకుంది, లారీ పక్కగా నడిచి, ఎర్ర రేకు వెనక్కి వెళ్లింది.

"రేజ్." తొక్కింది. "పొయ్యమ్మా, ఈ అంచు పొడుగూతా పొయ్యి, నేను దీపం పడతా." ఇంజన్ గొంతు పెరిగింది. కనపడదు, ఏమీ కనపడదు, ఎర్ర రేకు మీద తుప్పు మచ్చ, దాని పక్కన ఇంకో మచ్చ. ఒక నిమిషం. బుడగ రాకపోతే బావుండునని ఒక పక్క, వస్తే బావుండునని ఒక పక్క. పిచ్చయ్య గొంతు కాదు, భర్త గొంతు కాదు, ముందుగా వినపడింది కమ్లి గొంతు. "ఈడ లేస్తున్నయి. ఈడ జూడుండ్రి, బుడగలు ఉడుకుతున్నయి." ఆ తరవాత పిచ్చయ్య, నెమ్మదిగా, రోగం పేరు చెప్పే గొంతుతో. "ఆఁ. దొరికింది. ప్యాకింగ్ పోయింది రావుగారూ. మూడో బోల్టు కాడ సగం అట్టే లేదు."

కాలు తీయమని ఎవరూ అనలేదు, తనే తీసింది. ఇంజన్ నెమ్మదించింది, ఇప్పుడు మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి. భర్త అంటున్నాడు, అది ఇప్పుడు పోయిందేలే పిచ్చయ్యా, బండి గుద్దుకున్నప్పుడు ఆ అదురుకి చీలి ఉంటుంది. పిచ్చయ్య గోకుతున్న చప్పుడు. ఇది జూడుండ్రి, నూనె జిడ్డు కారింది, దాని మీద దుమ్ము, మళ్లా జిడ్డు, మళ్లా దుమ్ము, గోడ మీద సున్నం పొరల లెక్క. నిన్నమొన్నటిది గాదు, రెండు మూడు నెలల మసి అన్నాడు. ఎవరేసిండ్రు ఈ అట్ట అని కూడా అడిగాడు. దీంతోటి ఎత్తెక్కదా అని కమ్లి అడిగింది. లోడు మీద యాడెక్కుతదమ్మా, దేవుడొచ్చి తొక్కినా పొగే వస్తది అన్నాడు పిచ్చయ్య. మరి గాయన, అంది కమ్లి. సగం మాట అక్కడే వేలాడింది, ఇంజన్ డుగుడుగుల మధ్య.

అప్పుడు భర్త గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆమెకి తెలుసు, పెళ్లిచూపుల నాటి నుంచీ తెలుసు, ఓడిపోయిన చోట నిలబడడానికి ఒక పీట వెతుక్కునే సవరింపు. "బండి గుంజకపోవడం వేరమ్మా, మనిషి తాగడం వేరు. తాగకపోతే గేరు పడేది, బండి ఆపుకునేవాడు. మా ఆవిడ తన ముక్కుతో చూసి చెప్పిన మాట అది. ఆవిడనే అడుగు."

ఇక అంతే. అన్నీ బుడగల్లో తేలిపోయాక ఆయనకి మిగిలిన పీట తనే. పంపు కాదు, ఫిల్టరు కాదు, గేరు కాదు, అట్ట కూడా కాదు. ఎక్కడెక్కడో వెతికి వచ్చి దీపం తన మీద ఆగింది. పీట లాగేస్తే ఆయన పడతాడు. ఎవరి ముందు, ఊరి ముందు, పోలీసుల ముందు, ఈ వయసులో. ఆ ఒణికిన చేతులు మళ్లీ కనపడ్డాయి. ఇరవై ఆరేళ్లు ఆ చేతులకి అన్నం వడ్డించింది, జ్వరమొస్తే గంజి తాగించింది, ఇంకా ఎన్నేళ్లో అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర. రేపు సంతకం పెడితే ఇవన్నీ ఎప్పటిలా నడిచిపోతాయి, ఎవరికీ ఏమీ కాదు, మంచం మీద ఒక మనిషి మాత్రం తన పొద్దుటి పూట కోసం వెతుక్కుంటూ ముసలివాడవుతాడు. ఎర్ర రేకు పక్క నుంచి కమ్లి బయటికి వచ్చింది. చేతుల నిండా నురగ. అడుగు అన్నాడు కదా, అడగడానికి వచ్చింది. కిటికీ కింద నిలబడి తలెత్తి చూసింది, అద్దంలో చూసినంత చిన్నగా లేదు, అంత దూరంగా లేదు. అడగలేదు. చూసిందంతే.

డాష్‌బోర్డు కింద నల్లటి పిడి ఉంది, ఇంజన్ ఆపాలంటే దాన్ని లాగాలని పిచ్చయ్య మొదట్లోనే చూపించాడు. లాగింది. బండి ఒక్కసారి ఒళ్లు విదిలించి ఆగిపోయింది. అంతసేపు మోగినదాని తరవాత వచ్చిన నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది. తలుపు తీసింది. దిగడం రాదు ఆమెకి ఈ బండి, ఎక్కినట్టే వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ దిగింది. ఎండ నెత్తి మీద పడింది. ఎదురుగా కమ్లి, పక్కన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న పిచ్చయ్య, వెనక వెంకటరామారావు. ఏమే అన్నాడు ఆయన, మామూలుగా అన్నట్టే, కానీ గొంతు చివర చిన్న బుస. ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే మళ్లీ జాలేస్తుందని తెలుసు. పుస్తకాల్లో లాగా ఏదో పెద్ద వాక్యం వస్తుందనుకుంది, రాలేదు. వచ్చినవి వంటింటి మాటలే, గిన్నె కింద పెట్టినట్టు ఒక్కొక్కటీ పెట్టింది.

"కమ్లీ, నేను దవాఖానాలో చెప్పింది తప్పు. గోప్యా ఆ రోజు తాగలేదు. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడే తెలుసు. పద, భద్రాచలం వెళ్దాం. వాడికి నేనే చెప్తాను."